ముప్ఫై ఏడో నంబరు ప్యాకర్

మా అత్తకు ఊళ్లో పెట్టిన పేరు మెయిలు. ఆగే స్టేషన్లు తక్కువ, ఎదురొస్తే పక్కకు తప్పుకోవాలి అని. బల్బుల ఫ్యాక్టరీలో ఆవిడ నంబరు ముప్ఫై ఏడు. ఆటలాడినందుకు నెలనెలా జీతం తీసుకున్న మొదటి ఆడమనిషి మా ఊళ్లో ఆవిడే కానీ, ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు. కాగితాల్లో ఆవిడ ప్యాకింగ్ సెక్షన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు బల్బులు చుట్టిన మనిషి. అందులో మొదటి పదకొండేళ్లు చుట్టింది మా అమ్మ.

ఈ సంగతులు నాకు సగం అమ్మ చెప్పింది, సగం అత్త చెప్పింది. ఇద్దరూ ఒక గదిలో కూర్చుని చెప్పింది ఎప్పుడూ లేదు.

అత్త మా నాన్నకు చెల్లెలు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అన్న దగ్గర పెరిగింది. నాన్న ఫ్యాక్టరీలో గాజు కొలిమి దగ్గర పనిచేసేవాడు, అమ్మ ప్యాకింగ్‌లో. ఒక ఏడాది ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి పనివాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లకు పరుగు పందెం పెట్టారు. అత్తకప్పుడు పదిహేడేళ్లు. చెప్పులు విప్పి వదిన చేతికిచ్చి పరిగెత్తింది. రెండో మనిషి ఇంకా సగం దూరంలో ఉండగానే దారం తెంపేసి వెనక్కి తిరిగి నిలబడింది, మిగతా వాళ్లేమయ్యారా అన్నట్టు. యజమానికి ముచ్చటేసి, లోడింగ్‌లో పనిచేసే మగవాళ్లతో ఇంకోసారి పరిగెత్తమన్నాడు. అందులో రెండో స్థానంలో వచ్చింది. మూడో వాడు ఆ తర్వాత నెల రోజులు కాలు బెణికిందని కుంటుతూ తిరిగాడు.

ఆ రోజుల్లో పక్క ఊరి సబ్బుల కంపెనీకి ఆడవాళ్ల జట్టు ఉండేది. మా యజమానికి అది కంట్లో నలుసు. వారం తిరక్కుండా మా ఫ్యాక్టరీ ఆటల ఆఫీసరు మా ఇంటికొచ్చాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి, మాట మాత్రం మందు ఎలా వేసుకోవాలో చెబుతున్నంత మెత్తగా ఉండేది. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, ఏయే ఆటలు వచ్చని అడిగాడు. పరుగొక్కటే తెలుసని, మిగతావి చూస్తే వస్తాయని అత్త చెప్పింది. ఆయనకు ఆ జవాబు నచ్చింది.

"ఆటకి జీతమని రాయడం కుదరదమ్మా" అన్నాడు. "జీతం తీసుకుని ఆడేవాళ్లని పోటీల్లో నిలబడనివ్వరు. అందుకని ప్యాకింగ్‌లో వేసుకుంటాం. పేరుకే."

పేరుకే వేసుకోవడంలో ఒక చిక్కుంది. ప్యాకింగ్‌లో ప్రతి కార్టన్‌లోనూ చుట్టిన మనిషి నంబరు చీటీ ఒకటి పెడతారు. బల్బులు పగిలి వెనక్కొస్తే ఎవరి చేతి తప్పో తెలియాలి కదా. ముప్ఫై ఏడు పేరుతో కార్టన్లే రాకపోతే పై ఆఫీసు వాళ్లు అడుగుతారు. సూపర్‌వైజరు ఆ మాట ఆఫీసరు చెవిన వేశాడు, ఆఫీసరు నాన్న చెవిన వేశాడు, నాన్న అమ్మ వైపు చూశాడు. ప్యాకింగ్ గదిలో అమ్మను మించిన చెయ్యి లేదు.

"ఆర్నెల్లే కదా" అన్నాడు నాన్న. "నీ చేతికి అదేమంత పని?"

అమ్మ ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే మా ఇంట్లో.

ఆ పని ఎలా ఉంటుందో అమ్మ నాకు చేసి చూపించింది కాబట్టి చెబుతాను. ట్రేలోంచి బల్బు తియ్యాలి. హోల్డర్‌లో పెట్టి వెలిగించాలి. తీసి చెవి దగ్గర ఆడించాలి, లోపలి తీగ గలగలమంటే పక్కన పెట్టెయ్యాలి. బాగుంటే ముడతల అట్టలో చుట్టి, కార్టన్‌లో నిలబెట్టాలి. అలా వంద నిండాక చీటీ వేసి మూత అతికించాలి. మనిషికి రోజుకు ఎనిమిది కార్టన్లు. అమ్మ తిండి మానేసి, నీళ్లకు కూడా లేవకుండా కూర్చుంటే పదమూడు చేసేది. అందులో ఎనిమిదింట్లో ముప్ఫై ఏడో నంబరు చీటీ వేసేది. మిగిలిన అయిదే తనవి. తన నంబరు ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరుకు చెయ్యి మందగించిందని ఏటేటా పైకి రాసి పంపేవాడు సూపర్‌వైజరు. ఏం జరుగుతోందో ఆయనకూ తెలుసు. తెలిసీ రాసేవాడు.

ఇంకో సంగతి అమ్మ నాకు చాలా ఆలస్యంగా చెప్పింది. ముప్ఫై ఏడు మీద ఫిర్యాదొస్తే విచారణ అంటారని భయపడి, పొద్దున్నే చెయ్యి తాజాగా ఉన్నప్పుడు చుట్టినవన్నీ అత్త పేరు మీద వేసేదట. సాయంత్రం వేళ్లు తిమ్మిరెక్కాక హడావుడిగా చుట్టినవి తన పేరు మీద. పగిలి వెనక్కొచ్చేవన్నీ ముప్ఫై ఆరువే.

ఆర్నెల్లు ఏడాదైంది, ఏడాది మూడైంది. అత్త ఆడుతూనే ఉంది. కంపెనీ పెట్టుకున్నది ఆరుగురు ఆడపిల్లలనే, షీల్డులు మాత్రం అన్ని ఆటల్లోనూ కావాలి. అందుకని అందరూ అన్నీ ఆడాల్సిందే. చలికాలం హాకీ, ఎండల్లో పరుగులు, లాంగ్‌జంపు, ఈటె విసరడం, మధ్యలో వాలీబాల్. హాకీకి పదకొండు మంది లేక ఫ్యాక్టరీ ఊడ్చేవాళ్లను కూడా కలుపుకునేవారు, క్యాంటీన్‌లో కూరలు తరిగే ఆవిణ్ణి తెచ్చి గోల్లో నిలబెట్టేవారు. ఆవిడ బంతిని ఆపేది కాదు కానీ, గోలు కొట్టిన వాళ్లను మాత్రం చెడామడా తిట్టేది. సబ్బుల కంపెనీ పిల్లలు ఆ తిట్లకు జడిసి దూరం నుంచే కొట్టి పారిపోయేవారని అత్త నవ్వుతూ చెప్పేది. ఒక ఆదివారం పొద్దున హాకీ ఫైనల్ ఆడి, ఆ చెమట చొక్కాతోనే సాయంత్రం వాలీబాల్ ఫైనల్ ఆడింది. రెండూ గెలిచారు. షీల్డులు యజమాని గదిలోకి వెళ్లేవి. అత్తకు ఫ్లాస్కులు ఇచ్చేవారు. ఎవరు ఏ పోటీ పెట్టినా బహుమతి ఫ్లాస్కే. ఇంట్లో తొమ్మిది ఫ్లాస్కులు, టీ తాగేది ముగ్గురం అని నాన్న పది మందికీ చెప్పుకునేవాడు. ఆయనకు చెల్లెలంటే అంత గొప్ప.

అత్తకు అన్నిట్లోకీ ఈటె ఇష్టం. ఊరెళ్లి ఆడి వచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మంలో కూర్చుని వదినకు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. "ఈటె చేతిలోంచి వెళ్లిపోయాక ఒక్క క్షణం ఒంటికి బరువే ఉండదు వదినా" అని ఒకసారి చెప్పిందట. అమ్మ ఆ మాట నాకు పాతికేళ్ల తర్వాత అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. అలా చెబుతున్నప్పుడు అమ్మ వేళ్లకు ఎప్పుడూ గుడ్డ పట్టీలుండేవి. చేతులకేమైందని అత్త ఒకసారి అడిగితే, ఏం లేదు, గాజు అంది. అత్త మళ్లీ అడగలేదు.

నేను అమ్మ కడుపులో ఉన్న ఏడాది, అత్త పేరు ఈటె విసరడంలో దేశపు జట్టు ఎంపికకు వెళ్లింది. వెంటనే సబ్బుల కంపెనీ వాళ్లు ఫిర్యాదు పెట్టారు: ఆ అమ్మాయి పని చెయ్యదు, ఆడడానికే జీతం తీసుకుంటోంది అని. వాళ్ల పిల్లలూ అంతే, అది వేరే సంగతి. నిజమెంతో చూసి రమ్మని ఆటల సంఘం ఒక పెద్దమనిషిని పంపింది. ఆయన వస్తున్నట్టు మూడు రోజుల ముందు తెలిసింది. ఆ మూడు రోజులూ అత్త గ్రౌండుకు వెళ్లలేదు. అమ్మ పక్కన స్టూలు వేసుకుని బల్బులు చుట్టడం నేర్చుకుంది. ఎనిమిదేళ్లలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. ఈటె పట్టిన చేతికి బల్బు పట్టడం చేతకాలేదు. మొదటి రోజు పంతొమ్మిది పగలగొట్టింది. గదిలోని ఆడవాళ్లు తలెత్తకుండా నవ్వుకున్నారు.

ఆ పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి అత్త వెనకాల నిలబడ్డాడు. ఆవిడ ఒకటి చుట్టింది, రెండు చుట్టింది, మూడోది చేతిలోనే చిట్లింది. అమ్మ తన చేతి పని ఆపకుండానే, ఈ ట్రేలో బల్బులు పొద్దుట్నుంచీ పల్చగానే వస్తున్నాయని సూపర్‌వైజరుకు వినబడేలా అంది. సూపర్‌వైజరు అవునవునన్నాడు. ఆ పెద్దమనిషి గోడౌన్‌కు వెళ్లి ముప్ఫై ఏడు చీటీ ఉన్న కార్టన్లు తెరిపించి చూశాడు. పక్కనే ముప్ఫై ఆరువి కూడా తెరిపించాడు. తిరిగొచ్చి సంతృప్తిగా తల ఊపాడు.

"మీ వదిన కంటే నీ చేతి పనే శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు అత్తతో. "ఆవిడకి కాస్త నేర్పు."

సూపర్‌వైజరు నవ్వాడు. ఆఫీసరు నవ్వాడు. ఏం చెయ్యాలో తెలియక అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు గురించి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. అత్తే చెప్పింది.

ఎంపిక పోటీల్లో అత్త మూడో విసురుకు భుజం కీలు తప్పింది. అయిదో స్థానం వచ్చింది, ముగ్గురినే తీసుకున్నారు. భుజానికి పూర్తిగా విశ్రాంతి ఉండాలని డాక్టరు చెబితే, కంపెనీకి వచ్చే నెల్లో హాకీ ఉందని ఆఫీసరు చెప్పాడు. కట్టు కట్టుకుని ఆడింది. తర్వాతి ఏడాది మోకాలు పోయింది. ఒక కాలు ఈడుస్తూనే ఇంకో రెండు షీల్డులు తెచ్చింది. పెళ్లి మాటలు వచ్చినప్పుడల్లా ఈ ఒక్క సీజనూ అని ఆఫీసరు వాయిదా వేయించేవాడు. అలా వాయిదాలు పడి పడి, మాటలు రావడమే మానేశాయి.

ఆవిడకు ఇరవై ఎనిమిది నిండేసరికి యజమాని పోయి కొడుకు కుర్చీ ఎక్కాడు. ఆయనకు ఆటలంటే పడదు. గ్రౌండు మీద గోడౌన్ కట్టించాడు, షీల్డులున్న బీరువాను స్టోర్స్‌లోకి తోయించాడు. ఆటల ఆఫీసరు కొనుగోళ్ల విభాగానికి మారాడు. ఆరుగురిలో నలుగురు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు, ఒకమ్మాయి సబ్బుల కంపెనీకి వెళ్లింది. మెయిలును మాత్రం, నీ స్టూలు నీకుంది కదమ్మా అని ప్యాకింగ్‌కు పంపారు. పదకొండేళ్ల సీనియారిటీ ఉన్న ప్యాకర్, బల్బు చుట్టడం రాని ప్యాకర్. చెయ్యి ఛాతీ కంటే పైకి లేచేది కాదు. అమ్మే మళ్లీ నేర్పింది. నేర్పుతూ నేర్పుతూనే సగం తను చుట్టి అటు తోసేది.

ఆ ఏడాది చివర చుట్టే మిషను వచ్చింది. సగం మంది ఆడవాళ్లు ఇక అక్కర్లేదన్నారు. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని తీసెయ్యాలో తేల్చడానికి గడిచిన అయిదేళ్ల పనితనం చూశారు. ఎవరెన్ని చుట్టారు, ఎన్ని పగిలి వెనక్కొచ్చాయి అని. ఉంచేవాళ్ల పేర్లు గేటు దగ్గర అతికించారు. అందరి కంటే పైన ముప్ఫై ఏడు. ముప్ఫై ఆరు అందులో లేదు.

అత్త ఆ కాగితం చూసి తిన్నగా పాత ఆటల ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆయన క్యారియరు విప్పుకుంటున్నాడు. ఆ చీటీలన్నీ వదిన వేసినవని పైవాళ్లకు చెప్పమని అడిగింది. ఆయన మూత మళ్లీ పెట్టాడు.

"చెబుతాను. అప్పుడేమవుతుందో తెలుసా? పదకొండేళ్లు దొంగ చీటీలు వేసినందుకు ఆవిడ పోతుంది, వేయించుకున్నందుకు నువ్వు పోతావు, మీ అన్న కూడా పోవచ్చు. ఇప్పుడు పోయేది ఒక్కరే."

"అయితే నేను మానేస్తాను. నా జాగా ఆవిడకివ్వండి."

"నువ్వు మానేస్తే ఇంకో స్టూలు తగ్గుతుంది. అంతే."

అత్త ఇంటికొచ్చి అదంతా చెప్పింది. నాన్నకు అప్పటికే కొలిమి వేడికి ఊపిరితిత్తులు పాడై దగ్గు ఆగేది కాదు, నెలలో సగం రోజులు మంచం మీదే. ఆయన గోడకు తిరిగి పడుకున్నాడు. మానేస్తాను వదినా, ఇంకెక్కడైనా చూసుకుంటాను అంది అత్త. ఈ భుజంతో, ఈ మోకాలితో ఎవరిస్తారని అమ్మ అడిగింది. కోపంగా కాదు, ధర అడిగినట్టు అడిగింది. తర్వాత ఒక్క మాటంది.

"వాళ్లు ఉంచింది నన్నే. నీ పేరు మీద ఉంచారు. పోయి కూర్చో."

అత్త పోయి కూర్చుంది. ఇరవై ఏళ్లు కూర్చుంది, మిషన్ నోట్లోకి బల్బులు అందిస్తూ. అమ్మ ఇంట్లో ఉండి కాగితం సంచులు అతికించేది, రెండు ఇళ్లలో వంట చేసేది. నాన్న నాలుగేళ్లకు పోయాడు. ఇంటిని నడిపింది అత్త జీతమే. నన్ను చదివించిందీ అదే. ఇంట్లో గొడవ ఎప్పుడూ లేదు. అమ్మ అత్తతో నేరుగా మాట్లాడ్డం మానేసింది, అంతే. "మీ అత్తని తినమను" అని నాతో అనేది, అత్త రెండడుగుల దూరంలో ఉండగా. "అమ్మకి ఆకలి లేదని చెప్పు" అని అత్త నాతో అనేది. నేను స్కూలుకెళ్లినప్పుడు ఇద్దరూ ఎలా గడిపేవారో నాకు తెలియదు. అత్త ఫ్లాస్కులన్నీ ఒక్కొక్కటే వాళ్లకూ వీళ్లకూ ఇచ్చేసింది. రేడియోలో ఆటల వార్తలు వస్తే లేచి బయటికి పోయేది.

మోకాలి వల్ల అత్త ముందుగానే రిటైరైన కొత్తలో మా వీధి చివర ఆడపిల్లల స్కూలు నుంచి డ్రిల్లు టీచరు వచ్చింది. ఊళ్లో పాతవాళ్లెవరో చెప్పారట, ఇక్కడ ఒకావిడ ఈటె విసిరేదని. తనకు సూత్రాలు తెలుసు కానీ చెయ్యి తెలియదని, వారానికి రెండు రోజులు వచ్చి చూపించమని బతిమాలింది. అత్త కాదంది. ఆ టీచరు నాలుగుసార్లు తిరిగింది. అయిదోసారి అత్త చెప్పులు వేసుకుంది.

నేనూ వెళ్లాను ఒకట్రెండు సార్లు. అత్త విసరలేదు, చెయ్యి లేవదు కదా. పక్కన నిలబడి, మోచెయ్యి ఇక్కడ, కాలు అక్కడ అని చెప్పేది. పదిహేను మంది పిల్లల్లో ఒకమ్మాయికి ఆ విద్య ఉంది. బక్క పిల్ల, పొడుగు చేతులు. మూడో వారానికే ఈటె వెళ్లి గోడ దగ్గరి గడ్డిలో గుచ్చుకునేది. అత్త ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. ఆ పిల్ల కోసం వారానికి రెండు రోజులు కాస్తా నాలుగయ్యాయి.

ఒక సాయంత్రం ఆ పిల్లను అడిగింది, రోజూ ఇంతసేపు ఇక్కడుంటావు కదా, ఇంట్లో నీ వంతు పని ఎవరు చేస్తున్నారని. మా అక్క అని చెప్పింది ఆ పిల్ల, తడుముకోకుండా. వాళ్లు ఇళ్ల నుంచి బట్టలు తెచ్చి ఉతికేవాళ్లు. తన వాటా బట్టలు కూడా అక్కే ఉతుకుతోందట.

"రేపట్నుంచి రాకు" అంది అత్త.

ఆ పిల్ల నవ్విందట, హాస్యమనుకుని. అత్త ఈటె తీసుకుని టీచరు చేతికిచ్చి వచ్చేసింది. మర్నాడు టీచరు మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కడిగేసింది. ఎన్ని బ్యాచీలు పోతే దొరుకుతుంది అలాంటి చెయ్యి, ఏం తప్పు చేసిందని తరిమేశారు అని. అత్త లోపలికి పోయింది. నాకూ కోపమొచ్చింది. ఆ పిల్లదేం తప్పుందని నేను అమ్మ దగ్గర అంటుంటే, అమ్మ సంచులు అతికిస్తున్న చెయ్యి తుడుచుకుని లేచి అత్త గదిలోకి వెళ్లింది. ఇరవై ఏళ్ల తర్వాత నేరుగా ఆవిడతో మాట్లాడింది.

"ఆ పిల్లని ఎందుకు పంపేశావు?"

"వాళ్లక్క చాకిరీ చేస్తోంది వదినా. దీని వాటా కూడా."

"నువ్వు పంపేస్తే ఆ అక్క చాకిరీ తగ్గుతుందా? నేనెవరి కోసం చుట్టాననుకున్నావు, మీ ఆఫీసరు కోసమా?"

అత్త మంచం అంచు పట్టుకుని నిలబడింది. ఉద్యోగం పోయినందుకే కదా నీకు నా మీద కోపం, అంది నెమ్మదిగా.

"ఉద్యోగం పోతే పోయింది. పదకొండేళ్లు ఆడావు. ఒక్కసారి వచ్చి చూడు వదినా అన్నావా? ఒక్క పూట సెలవు పెట్టించలేకపోయారా మీ అన్నాచెల్లెళ్లు? నేను చూసింది ఆ మొదటి రోజు పరుగే. మిగతాదంతా నువ్వు గుమ్మంలో కూర్చుని చెబితే విన్నదే."

గొంతు పెంచలేదు అమ్మ. చెప్పాల్సింది చెప్పి, మళ్లీ వచ్చి సంచులు అతికించుకుంది.

మర్నాడు పొద్దున్నే అత్త ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది, నన్ను తోడు తీసుకుని. రెండు గదుల ఇల్లు, వాకిట్లో తాళ్ల నిండా ఎవరివో బట్టలు. అక్క ఎదురొచ్చింది. మోచేతుల దాకా నురగ. వచ్చిందెందుకో అత్త చెప్పింది. చెల్లెలు బట్టల కొట్లో పనికి కుదిరిపోయిందని ఆ అమ్మాయి చెప్పింది. నేర్పే ఆవిడే వద్దందంటే ఇంకెందుకులే అని వాళ్ల నాన్న ఆ రోజే మాట్లాడేశాడట. స్కూలు కూడా మాన్పించాడు.

"నాకు కష్టమని పంపేశారంటగా" అంది ఆ అక్క. "నన్నడిగారా మీరు? అది ఎంత దూరం విసిరిందో రోజూ వచ్చి చెప్పేది నాకు."

అత్త కొట్టుకు కూడా వెళ్లింది. ఆ పిల్ల నిచ్చెన మీద నిలబడి పై అరలోంచి బట్టల కట్టలు దించుతోంది. మమ్మల్ని చూసి, చూడనట్టు అటు తిరిగింది. కొట్టు యజమాని ఏం కావాలండీ అని అడిగాడు. ఏమీ వద్దంది అత్త.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, నేరుగానే, వస్తానందా అని. రాదట వదినా, అంది అత్త. ఆ తర్వాత అమ్మ బతికున్న మూడేళ్లూ ఇద్దరూ మాట్లాడుకునేవారు, ఉప్పు తగ్గిందని, తలుపు వేశావా అని. అంతకు మించి మాటలు నేను వినలేదు. డ్రిల్లు టీచరు ఇంకో రెండుసార్లు కబురు పంపి ఊరుకుంది.